వెండి తబుకుపై వంశలాంఛనం

వెండి పళ్లెం కంటబడగానే ‘ఎన్ని తులాలు?’ అని అడగడం మనలో పరిపాటి. ఆంగ్లదేశపు పాత వెండి తబుకులను ఎరిగినవారు తూకానికి ముందు వాటి మీది చెక్కడాన్ని చదువుతారు. ‘సాల్వర్’ అనే ఆ తబుకుపై అతిథికి పానీయమో, యజమానికి ఉత్తరమో అందించేవారు. అడుగున చిన్న చిన్న ముద్రలు ఉంటాయి. 1544 నుండి వేస్తున్న నడిచే సింహం ముద్ర మేలిమికి గుర్తు. అనగా నూటికి 92.5 పాళ్లు వెండి. పక్కనున్న ఒంటి అక్షరం పరీక్ష జరిగిన సంవత్సరాన్ని తెలుపుతుంది. పైవైపు నడుమ యజమాని వంశలాంఛనం. వెండిపై రంగులు నిలువవు గనుక, 17వ శతాబ్దం నుండి గీతలే రంగులయ్యాయి. నిలువు గీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం, చుక్కలు బంగారు వన్నె. ఈ సంకేతభాష మాకు ఎంతో ముచ్చట గొలిపింది.

పళ్లెం చేతులు మారినపుడు కొత్త యజమాని పాత లాంఛనాన్ని గీకించి తనది చెక్కించుకోవడమూ కద్దు. అట్టి చోట రేకు పలుచబడి వ్రేళ్లకు తెలిసిపోతుంది. వెల కూడ తగ్గుతుంది.

దొరల వైభవం మనకేల అనవచ్చు. లాంఛనం మనకు కొత్త కాదు. 11వ శతాబ్దంలో మన కోనసీమలోని నందంపూడిని నారాయణభట్టుకు అగ్రహారంగా ఇచ్చిన రాజరాజనరేంద్రుడు తూర్పు చాళుక్యుడు. ఆ వంశపు రాగిరేకుల ముద్రలపై వరాహమూ, ‘శ్రీ త్రిభువనాంకుశ’ బిరుదమూ కనబడతాయి. కంపెనీవారికి మన బెండమూర్లంకలోనే వర్తకస్థానం ఉండేది. చెన్నరాజధాని కోసం వారు 1803లో బర్మింగ్‌హాంలో ముద్రింపించిన 20 కాసుల రాగి నాణెంపై ఒకవైపు కంపెనీవారి లాంఛనం, మరొకవైపు పారశీక లిపి ఉన్నాయి. ఆ లిపిని మన ఉర్దూ విద్యార్థి కూడబలుక్కొని చదువగలడు.

మరి మన ఇండ్లలోని ఇత్తడి బిందెలు, రాగి దేగిసాలు, పాన్‌దాన్ల సంగతి? వాటిపై తెలుగులోను, ఉర్దూలోను పేర్లు చెక్కి ఉంటాయి. ఎవరి పెండ్లికి ఎవరిచ్చినదో, ఒక్కొక్కప్పుడు ఏ సంవత్సరమో కూడ. అవ్వల, నానమ్మల పేర్లు మరే కాగితంపైనా లేని కుటుంబాలెన్నో! స్టీలు సామాను కోసం వాటిని తూకానికి వేస్తున్నాము. గీకిన తబుకుపై జాడయినా మిగులుతుంది. కొలిమిలో అదీ మిగలదు.

అందుచేత కళాశాల కార్యవర్గంవారికి మాదొక మనవి. ఒక తెలుగు విద్యార్థిని, ఒక ఉర్దూ విద్యార్థిని జతచేసి ఇంటింటికీ పంపండి. పలుచని కాగితం పరచి పెన్సిలుతో రుద్దితే చెక్కిన పేరు దిగుతుంది. ఖర్చు స్వల్పం. ఆరంభానికి మన బహుమతుల బీరువాలోని పాత కప్పులే చాలు.