నిండిన చిన్నశాల, నిండని పెద్దశాల

చిన్న నాటకశాలలో నిత్యము జనము క్రిక్కిఱియుచుండఁగా, పెద్దశాలకుఁ దరలింపుఁడని బోధించువారికిఁ గొదువ యుండదు. వారెల్లరును న్యూయార్కు పబ్లిక్ థియేటరువారి 'ఎ కోరస్ లైన్' నుదాహరింతురు. 299 ఆసనముల న్యూమన్ శాలలో 1975 మే నెలలో వెలసిన యా సంగీతనాటకము జూలైలో బ్రాడ్వేలోని షూబర్టు థియేటరున కెక్కి, 1990 వఱకు నచట 6,137 మాఱులు ప్రదర్శింపఁబడెను. దాని లాభములే యా సంస్థను బహువత్సరములు పోషించినవి.

ఆ న్యూమన్ శాలనుండియే 2010లో మఱియొక నాటకము తరలెను. అమెరికా యేడవ యధ్యక్షుని రాక్ సంగీతముతోఁ బరిహసించిన 'బ్లడీ బ్లడీ ఆండ్రూ జాక్సన్' అది, పేరే యట్టిది! చిన్నశాలలో దాని గడువును బొడిగింపవలసివచ్చెను. అక్టోబరులో, వేయికిఁ బైఁబడి యాసనములుగల బెర్నార్డ్ జేకబ్స్ థియేటరునఁ దెఱయెత్తిరి. 2011 జనవరి 2వ తేదీన దింపిరి. 94 ప్రదర్శనములు! పెట్టుబడి తిరిగి రాలేదు.

ఇందు నాటకము చెడలేదనియు, లెక్కయే చెడినదనియు మా తలంపు. మూఁడువందల యాసనములు నిండుట మూఁడువందలమంది వచ్చిరనుటకే సాక్ష్యము. వేయిమంది వాకిట వేచియున్నారనుటకుఁ గాదు. టిక్కెట్టు దొరకకుండుటయే కొంత గిరాకిని బుట్టించును. శాల పెరిఁగినంతనే యా మాయ తొలఁగును. అద్దె, వాద్యకారుల జీతములు, ప్రకటనల ఖర్చు మాత్రము కుర్చీలు ఖాళీగానున్నను వారమువారమును వచ్చి నిలుచును. వాపును జూచి బలుపనుకొనుట యిదియే.

ధనికులు తమ సొమ్మొడ్డినచో మాకు విచారము లేదు. చందాలతోడను బ్రజాధనముతోడను బ్రతుకు సమాజములు మాత్రము, పెద్దశాల యద్దెపత్రముపైఁ జేవ్రాలు సేయుటకు ముందు, సగము శాల ఖాళీగానుండు వారము నెట్లు గడపఁగలమో యంకెలతోఁ దమ సభ్యులకుఁ జూపవలెను. చూపలేనిచోఁ జిన్నశాలలోనే మఱి యాఱునెలలు ఆడింతురుగాక!