వాళ్లకూ ‘నా’ అనే మనుషులు కావాలి

మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం తల్లిదండ్రులు పడే తపన సదరం క్యాంపుల్లో చూస్తుంటాను. సొంతంగా స్నానం చేయడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, వీధి చివరి కొట్టు నుంచి పాల ప్యాకెట్ తేవడం... ఒక్కో పనీ నేర్పడానికి ఏళ్లు పట్టి ఉంటుంది. ‘మరి స్నేహితులెవరు?’ అని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. పాతికేళ్లొచ్చినా ‘వాడింకా చిన్నపిల్లాడే కదండీ’ అంటారు. ప్రేమతో అనే ఆ మాట వల్లే బిడ్డకు రెండు నష్టాలు. ఒకటి ఒంటరితనం, రెండోది ప్రమాదం.

డిస్లెక్సియా లాంటి చదువు సమస్యలు వేరు. ఇక్కడ చెబుతున్నది ఐక్యూ సుమారు 70 లోపు ఉండి, రోజువారీ వ్యవహారాల్లోనూ సాయం అవసరమైన వారి గురించి. ఇది మానసిక జబ్బు కాదు. తెలివి నెమ్మదిగా ఎదిగినా, చాలామందిలో శరీరం మామూలు వయసుకే ఎదుగుతుంది. గడ్డం, నెలసరి అందరిలాగే వస్తాయి. ఒకరిని ఇష్టపడటం, చెల్లి పెళ్లి చూసి ‘మరి నాకెప్పుడు?’ అని అడగడం కూడా అంతే సహజం. నవ్వేయకండి, కసరకండి. కూర్చోబెట్టి వినండి.

‘ఇవన్నీ చెబితే లేనిపోని ఆలోచనలు వస్తాయేమో’ అన్నది చాలామంది భయం. నిజానికి చెప్పకపోవడంలోనే ముప్పుంది. పెద్దవాళ్లు ఏం చెప్పినా చేయాలని, ఎవరడిగినా ముద్దివ్వాలని నేర్పిన బిడ్డకు తప్పుడు స్పర్శకు ‘వద్దు’ అనడం ఎలా తెలుస్తుంది? వేధించేవాళ్లు చాలాసార్లు బాగా తెలిసినవాళ్లే.

ఒక చార్టు తీసుకుని మధ్యలో బిడ్డ ఫొటో అంటించండి. చుట్టూ మూడు వలయాలు గీయండి. మొదటి దాంట్లో అమ్మానాన్న, తోబుట్టువులు... వీళ్లను కౌగిలించుకోవచ్చు. రెండో దాంట్లో బంధువులు, స్నేహితులు... చేయి కలిపితే చాలు. బయటి వలయంలో ఆటో డ్రైవరు, కొట్టు యజమాని... నమస్కారం పెడితే సరిపోతుంది. శరీర భాగాలన్నిటికీ అసలు పేర్లే చెప్పండి. బట్టలు మార్చుకోవడం, తన శరీరాన్ని తాను తాకడం తలుపు వేసుకుని, ఒంటరిగా ఉన్నప్పుడే అని నేర్పండి. కొట్టి మాన్పించలేరు. ఒక్కసారి చెబితే సరిపోదు. చిన్న మాటల్లో, బొమ్మలతో నెలల తరబడి చెప్పాలి. ఉన్నట్టుండి నిద్ర తగ్గినా, పక్క తడుపుతున్నా, ఒక మనిషిని చూసి భయపడుతున్నా మొండితనం అనుకోకండి. విషయమేమిటో కనుక్కోండి, డాక్టరుకు చూపించండి.

నెలసరి శుభ్రత కష్టమనో, ‘ఏదైనా జరిగితే’ అన్న భయంతోనో కూతురికి గర్భసంచి తీసేయమని అడిగే కుటుంబాలున్నాయి. ఆ ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుంది గానీ అత్యాచారాన్ని ఆపదు. జరిగినా బయటపడకుండా చేస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, సంతానానికి అవకాశం లేకుండా చేసే ఏ వైద్యానికైనా ఆ వ్యక్తి తెలిసి, ఇష్టపడి ఒప్పుకోవాలి. చండీగఢ్‌లో స్వల్ప మేధో వైకల్యం ఉన్న యువతి కేసులోనూ ఆమె సమ్మతి లేకుండా గర్భం తొలగించరాదని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. నెలసరి పరిశుభ్రతను ఓపికగా నేర్పవచ్చు. రక్తస్రావం ఎక్కువైతే ముందు మందులతో చూడవచ్చు.

ఇక పెళ్లి. ‘పెళ్లి కుదిరితే పిచ్చి కుదురుతుంది’ అన్న సామెతను నమ్మి, విషయం దాచి పెళ్లి చేస్తే ఇద్దరి జీవితాలూ పాడవుతాయి. పెళ్లితో నయమవడానికి ఇది జబ్బు కాదు. అలాగని పెళ్లి ఎవరికీ తగదని తీర్మానించడమూ తప్పే. వైకల్యం స్వల్పంగా ఉండి, పెళ్లంటే ఏమిటో ఇద్దరికీ అర్థమై, ఇద్దరూ కోరుకుని, ఇరు కుటుంబాలూ నిజం తెలిసి అండగా ఉంటే సాధ్యమే. పెళ్లి కాకపోయినా స్నేహం అందరికీ కావాలి.

‘మేం పోయాక వీడి గతేంటి?’ అన్నది ప్రతి తల్లిదండ్రుల బెంగ. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీ ద్వారా సంరక్షకుణ్ని నియమించుకోవచ్చు. శిక్షణ, సలహాల కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ ఉంది. ఇవన్నీ అవసరమే. కానీ సంరక్షకుడు కాగితం మీద సంతకం పెడతాడు, సాయంత్రం పలకరించేది మనుషులు. ఆ మనుషులను మీరున్నప్పుడే కూడగట్టాలి. గుడికి, పెళ్లిళ్లకు, పార్కుకు వెంట తీసుకెళ్లండి. స్కూలు మానేసినా అక్కడి స్నేహితులను నెలకోసారైనా కలిపించండి.

ఇలాంటి బిడ్డ మీ ఇంట్లో లేకపోయినా మీరు చేయగలిగిందొకటి ఉంది. పక్కింట్లో ఉంటే, ఈసారి మీ పిల్లల పుట్టినరోజుకు ఆ అబ్బాయినో అమ్మాయినో పేరు పెట్టి పిలవండి. ‘మీవాడు బాగున్నాడా?’ అని తల్లిని అడగొద్దు. నేరుగా వాణ్నే అడగండి. జవాబు రావడానికి కాస్త సమయం పట్టినా ఆగండి.