డబ్బు ఎవరిదో, పరీక్ష వారిదే

అత్యాచారానికి సాక్ష్యం ముందు ఒంటి మీదే ఉంటుంది. స్నానం చేస్తే కొంత పోతుంది, రోజులు గడిచేకొద్దీ మిగిలినదీ పోతుంది. అలాంటి ఘడియల్లో ఆ మనిషి చేత పరీక్ష ఖర్చు లెక్కలు వేయించడం రెండో దెబ్బ కొట్టడమే. అమెరికాలో కొన్నిచోట్ల ఒకప్పుడు ఆ బిల్లు బాధితురాలికే వెళ్లేది. బ్రిటన్‌లో ఆ దుస్థితి లేదు. అయినా అక్కడ కూడా ఎవరు చెల్లిస్తున్నారన్న ప్రశ్న తీరిపోలేదు. డబ్బు పెట్టిన చేతిదే పెత్తనం.

చాలాకాలం ఆ ఖర్చు పోలీసులది. కాబట్టి పరీక్షా వారిదే. ఫిర్యాదు ఇస్తేనే డాక్టరు వచ్చేవారు, అదీ చాలాసార్లు స్టేషన్‌లోని గదికే. 1982లో థేమ్స్ వ్యాలీ పోలీసులు ఓ బాధితురాలిని నిలదీసిన తీరును బీబీసీ డాక్యుమెంటరీలో చూసి దేశం ఉలిక్కిపడింది. 1986లో మాంచెస్టర్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లైంగిక దాడి బాధితుల కోసం తొలి ప్రత్యేక కేంద్రం మొదలైంది.

స్కాట్లాండ్ కథ దగ్గర కాస్త ఆగాలి. షెట్లాండ్, ఆర్క్‌నీ దీవుల్లో దాడికి గురైనవారు పరీక్ష కోసం సముద్రం దాటి వెళ్లాల్సి వచ్చేది. సాక్ష్యం చెడకూడదు కనుక ఒళ్లు కడుక్కోకుండానే. ఆ ప్రయాణాన్ని ఒక్క నిమిషం ఊహించుకోండి! 2017లో అక్కడి పోలీసు తనిఖీ విభాగమే ఈ సేవలను గట్టిగా తప్పుపట్టింది. 2021లో చట్టం వచ్చింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. బాధ్యత ఆరోగ్య బోర్డులకు మారింది. పదహారేళ్లు నిండినవారు పోలీసులకు చెప్పకుండానే పరీక్ష చేయించుకోవచ్చు. నమూనాలను 26 నెలలు భద్రపరుస్తారు. రెండేళ్లని పెట్టి ఉంటే గడువు ఆ ఘటన జరిగిన తేదీకి దగ్గర్లోనే ముగిసేది. ఈ లెక్కలో ఆ పాడు రోజును తప్పించే వెసులుబాటు ఉంది. నాకు ఆ చట్టంలో బాగా నచ్చింది ఇదే.

ఇంగ్లండ్‌లో ఖర్చు ఇప్పటికీ రెండు జేబుల్లోంచి వస్తోంది. చికిత్స, సంరక్షణ ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌వి, ఫోరెన్సిక్ భాగం పోలీసులది. పోలీసులకు చెప్పకుండా నేరుగా ప్రత్యేక కేంద్రానికి వెళ్లే వీలుంది కానీ, స్కాట్లాండ్‌లాంటి చట్టబద్ధమైన హామీ లేదు. అక్కడ కూడా మొత్తం ఖర్చు ఆరోగ్య శాఖే భరించాలి, నమూనాలు దాచే గడువు చట్టంలో రాసి ఉండాలి. సాక్ష్యం తీసేది రోగి శరీరం నుంచి, కేసు ఫైలు నుంచి కాదు.

మన దేశంలో 2013 నుంచే ప్రైవేటు ఆసుపత్రులు సైతం బాధితులకు ఉచితంగా చికిత్స చేయాలని చట్టం ఉంది. అయినా 'ముందు ఎఫ్‌ఐఆర్ తెండి' అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ మాట వింటూ పెరిగిన అమ్మాయి స్టూడెంట్ వీసా మీద బ్రిటన్ వెళ్తే, ఆపద వేళ ఆమెకు ముందు గుర్తొచ్చేది పోలీసులు, వీసా, ఇంట్లోవాళ్లు. అక్కడి తెలుగు సంఘాలు పండుగల పిలుపులతోపాటు ఈ సంగతీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాలి: లైంగిక దాడి వల్ల అవసరమైన చికిత్సకు ఎన్‌హెచ్‌ఎస్ విదేశీయుల నుంచి కూడా రుసుము తీసుకోదు. అక్కడి ప్రత్యేక కేంద్రాల్లో బట్టలను కాగితం సంచుల్లో సీలు వేస్తారు. ఏ దశలోనైనా 'ఇక చాలు' అంటే పరీక్ష ఆపేస్తారు. పోలీసులకు చెప్పాలా వద్దా అన్నది, పెద్దవారి విషయంలో సాధారణంగా, వారినే అడుగుతారు.