గోడనెక్కిన టీవీ

55 అంగుళాల టీవీ అనగా వెడల్పే 55 అంగుళాలని మా ఇంట అందరూ భ్రమించారు. అది మూల నుండి మూలకు కొలిచిన కర్ణము. వెడల్పు సుమారు 48 మాత్రమే. ఆ 48 అంగుళాల కోసం నా పుస్తకాల బీరువా వసారాలోకి వెళ్ళింది, అందులోని భారతమూ వసుచరిత్రమూ అక్షరాలా అటకెక్కాయి!

అంతటితో ఆగిందా? బిగించవచ్చిన కుర్రవాడు దానిని దేవుని పటమువలె ఆరడుగుల ఎత్తున నిలిపాడు. కుర్చీలో కూర్చున్నవారి కన్ను నేలనుండి ఇంచుమించు మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. తెర నడిమి భాగం ఆ మట్టానికే రావలెనని ఎంత మొత్తుకున్నా, "అందరూ ఇలాగే పెట్టించుకుంటారు మాస్టారూ" అన్నాడు. అందరూ చేసినదే ప్రమాణమా? మెడకు పట్టీ వేసుకున్న నా ఇల్లాలు నిన్న వార్తలను చెవులతోనే చూసింది.

రేపు మరలు ఊడదీయించి, టీవీని ఎదుటి గోడవైపు బల్లమీదికి దింపిస్తాను. ఇక్కడ పడిన కన్నాలను కప్పడానికి నా బీరువా ఉండనే ఉన్నది.