ఓడ ఎక్కే ముందు చేతిసంచీ చూసుకోండి

"డాక్టరుగారూ, పిల్లలు ఓడ టికెట్లు కొన్నారు. ఈ వయసులో నేను ఓడ ఎక్కవచ్చా?"

పదేళ్ళ క్రితం ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు. కృష్ణా డెల్టా వాళ్ళకి నీటి ప్రయాణం కొత్తేమీ కాదు. కాలువల మీద పడవలు నడిచిన రోజులు పెద్దవాళ్ళకి ఇంకా గుర్తే. భవానీ ద్వీపానికి బోటు, పాపికొండలకి లాంచీ మనకి తెలిసినవే. కాని రెండు మూడు రోజులు సముద్రం మీదే తిని, అక్కడే పడుకుని, వేడుకలు చూసి రావడం ఈమధ్య వచ్చిన సరదా. 2022 జూన్‌లో ఒక విహార నౌక చెన్నై నుంచి విశాఖపట్నం, పుదుచ్చేరి తిరిగి రావడం మొదలుపెట్టింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో ఇలాంటి నౌకల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ ప్రారంభించారు. విజయవాడలో పినాకిని ఎక్కితే చెన్నై, రత్నాచల్ ఎక్కితే విశాఖ. అందుకే షష్టిపూర్తి అని, పెళ్ళిరోజు అని పిల్లలు తల్లిదండ్రుల్ని ఓడ ఎక్కించాలని ముచ్చటపడుతున్నారు.

"ఎక్కవచ్చా?" అన్న ప్రశ్నకి చాలామంది విషయంలో జవాబు "ఎక్కవచ్చు" అనే. అయితే డాక్టరు ఆ ఒక్క మాటతో సరిపెడితే ఏమవుతుందో నాకు ఒక పెద్దమనిషి వల్ల తెలిసింది.

ఓడ కదలకముందే

ఆయన రిటైరైన హెడ్మాస్టరు. వయసు 68. చాలా ఏళ్ళుగా షుగరు ఉంది. రెండు పూటలా భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకుంటారు. ప్రయాణానికి వారం ముందు వచ్చారు. బి.పి. చూశాను, షుగరు చూశాను, ఇ.సి.జి. తీయించాను. అన్నీ బాగానే ఉన్నాయి. "హాయిగా వెళ్ళిరండి మాస్టారూ" అన్నాను.

ఓడ ఎక్కేరోజు పొద్దున హోటల్ గదిలో అలవాటు ప్రకారం ఇన్సులిన్ వేసుకున్నారు. మధ్యాహ్నం ఓడలో విందు భోజనం ఉంది కదా, ఇప్పుడే కడుపు నింపుకోవడం ఎందుకని రెండిడ్లీలతో సరిపెట్టారు. రేవు దగ్గర సామాను తీసుకుని, చీటీలు కట్టి లోపలికి పంపేశారు. ఆ పెట్టెలు మళ్ళీ కొన్ని గంటలకి గాని గదికి చేరవు. మాస్టారి మందులు, గ్లూకోజు, బిస్కట్లు అన్నీ పెట్టెలోనే వెళ్ళిపోయాయి. ఆ తరవాత కాగితాలు చూడటం, తనిఖీలు, ఒక క్యూ అయ్యాక ఇంకో క్యూ. మధ్యాహ్నం రెండు దాటింది.

మాస్టారికి చెమటలు పోశాయి. చేతులు వణికాయి. "మామయ్యగారూ, కాసేపు కూర్చోండి" అన్న కోడలి మీద కేకలు వేశారట. ఏనాడూ ఆమెను పల్లెత్తు మాట అనని మనిషి. వడదెబ్బేమోనని కొడుకు మంచినీళ్ళు తాగించి విసరడం మొదలుపెట్టాడు. అదృష్టం కొద్దీ వెనక నిలబడ్డవాళ్ళలో ఒక నర్సు ఉంది. "ఈయనకి షుగరుందా?" అని ఒక్క మాట అడిగి, తన పిల్లాడి చేతిలోని పళ్ళరసం సీసా తీసుకుని తాగించింది. పావుగంటలో మాస్టారు మామూలు మనిషయ్యారు.

రక్తంలో షుగరు బాగా పడిపోతే మనిషి తిక్కగా మాట్లాడతాడు, తరవాత స్పృహ తప్పుతాడు, ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. తిరిగొచ్చాక ఈ సంగతి మాస్టారు నవ్వుతూ చెప్పారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన గుండె పరీక్షించాను గాని, ఆ రోజు ఎన్ని గంటలకి తింటారని అడగలేదు. మందులు ఎక్కడ పెట్టుకుంటారని అడగలేదు. ఆ రెండూ అడగడానికి ఒక్క నిమిషం చాలు. ఆయనకి చెప్పకుండా వదిలేసిన మాటలే ఈ వారం మీకు చెబుతున్నాను.

చేతిసంచీలో ఏముండాలి?

నీటి మీదికి వెళ్ళాక వీధి చివర మందుల షాపు ఉండదు. 108 రాదు. పెద్ద విహార నౌకల్లో డాక్టరు ఉంటారు, చిన్న ఆసుపత్రి ఉంటుంది. మొదటి చికిత్స చేయగలరు. కాని గుండెకి స్టెంట్ వేయడం, పెద్ద ఆపరేషన్లు అక్కడ జరిగే పనులు కావు. ఒడ్డుకి చేరేదాకా మీ ఆసుపత్రి మీ చేతిసంచీయే అనుకోండి.

మందులన్నీ ఆ సంచీలోనే పెట్టుకోండి, పెట్టెలో వద్దు. మూడు రోజుల ప్రయాణమైతే ఆరు రోజులకి సరిపడా తీసుకెళ్ళండి. వాతావరణం బాగాలేక ఓడ ఆలస్యం కావచ్చు. మాత్రలు విడదీసి పొట్లాలు కట్టవద్దు. పేరు కనిపించేలా అట్టలతోనే ఉంచండి. డాక్టరు రాసిన చీటీ, పాత ఇ.సి.జి. నకలు కూడా ఉండాలి. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర మీకు రాసిచ్చి ఉంటే, అది సంచీలో కూడా కాదు, జేబులోనే ఉండాలి.

ఇన్సులిన్ ఎండకి చెడిపోతుంది, గడ్డకట్టినా చెడిపోతుంది. ఐసు మీద నేరుగా పెట్టకండి. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ అయితే ఒకటే సూత్రం: పళ్ళెం ఎదురుగా కనిపించాకే సూది. సంచీలో గ్లూకోజు పొట్లం తప్పనిసరి. చెమట, వణుకు, దడ, తిక్కమాటలు కనిపిస్తే మూడు చెంచాల గ్లూకోజు గాని పంచదార గాని నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇంకో అలవాటు చూస్తున్నాను. గుండెజబ్బుకో, కాళ్ళవాపుకో మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర వాడేవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ప్రయాణంలో బాత్‌రూమ్ ఇబ్బందని ఆ మాత్ర మానేస్తారు. రెండు రోజులు మానేసి, ఓడలో ఆవకాయలూ అప్పడాలూ తింటే ఒంట్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. మాత్ర మానకండి. ఏ వేళకి మార్చుకోవచ్చో ముందుగా మీ డాక్టర్ని అడగండి.

ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు, ఆపరేషన్ అయినవారు, నాలుగడుగులు వేస్తే ఆయాసపడేవారు, డయాలిసిస్ మీద ఉన్నవారు డాక్టరు ఒప్పుకోనిదే బయలుదేరకూడదు. గర్భిణులకి 24 వారాలు నిండితే చాలా ఓడ కంపెనీలు ఎక్కించుకోవు. టికెట్టు కొనే ముందే కనుక్కోండి.

వికారం ఎందుకు వస్తుంది?

లోపలి చెవిలో మన ఒంటి తూకం చూసే భాగం ఒకటి ఉంది. ఓడ ఊగుతుంటే "మనం కదులుతున్నాం" అని అది మెదడుకి చెబుతుంది. గదిలో కూర్చున్న కళ్ళు "లేదు, గోడలు కదలడం లేదు" అంటాయి. ఈ రెండింటికీ పొత్తు కుదరక తల తిరగడం, డోకులు, వాంతులు వస్తాయి. దీనికి జీర్ణశక్తితో సంబంధం లేదు, పిరికితనంతో అంతకన్నా లేదు. బస్సులో వాంతి చేసుకునేవారికి ఓడలోనూ వచ్చే అవకాశం ఎక్కువ.

గది తీసుకునేటప్పుడు ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో అడగండి. అక్కడ ఊపు తక్కువ. వికారం మొదలవగానే పైకి వచ్చి గాలి పీలుస్తూ, దూరాన నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతనే చూడండి. పుస్తకం, సెల్‌ఫోన్ పక్కన పెట్టండి. ఖాళీ కడుపూ మంచిది కాదు, నిండు కడుపూ మంచిది కాదు. అల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటే కొందరికి ఉపశమనంగా ఉంటుంది.

వాంతులు ఆపే మాత్రలున్నాయి. ఎవోమిన్ పేరు చాలామంది వినే ఉంటారు. వీటిని వాంతి మొదలయ్యాక మింగితే అదీ బయటికే వస్తుంది. ప్రయాణానికి ముందే వేసుకోవాలి. నిద్రమత్తు వస్తుంది కాబట్టి మందు పుచ్చుకునేవారు రెండూ కలపకూడదు. ప్రోస్టేట్ వాచిన పెద్దవారికి మూత్రం బిగియవచ్చు. గ్లాకోమా ఉన్నవారు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా వాడకూడదు. రెండేళ్ళలోపు పిల్లలకి ఇది అసలు వద్దు.

వాంతులు ఆగకపోతే ఓ.ఆర్.ఎస్. నీళ్ళు చెంచాతో కొద్దికొద్దిగా తాగించండి. షుగరు ఉన్నవారికి తిండి నిలవనప్పుడు మామూలు మోతాదు వేసేయకూడదు, అలాగని ఇన్సులిన్ పూర్తిగా మానేయనూ కూడదు. ఓడ డాక్టర్ని పిలవండి. సిగ్గుపడే సమయం కాదది.

విందులో జాగ్రత్త

వందలమంది ఒకే గరిటె పట్టుకుని వడ్డించుకునే చోట ఒకరి వాంతులు, విరేచనాలు పదిమందికి అంటుకుంటాయి. ఓడల్లో ఇలా వ్యాపించే నోరోవైరస్ అనే క్రిమి ఉంది. చేతికి రాసుకునే శానిటైజర్‌కి అది సరిగా లొంగదు. తినేముందు, బాత్‌రూమ్ వాడాక సబ్బుతో చేతులు శుభ్రంగా కడుక్కోవడమే మందు. వేడివి వేడిగా ఉన్నప్పుడే తినండి.

ఓడకే కాదు, పడవకీ

ఓడ టికెట్టు అందరూ కొనలేరు. కాని కార్తీకమాసం ఆదివారం కృష్ణలో బోటెక్కని ఇల్లు విజయవాడ చుట్టుపక్కల అరుదు. అరగంట ప్రయాణమే కదా అని తేలిగ్గా తీసుకుంటాం. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం సాయంత్రం, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద బోటు బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు ప్రాణాలతో బయటపడ్డది 26 మందే.

ఓడైతే బయలుదేరే ముందు అందరినీ పిలిచి లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో, ప్రమాదమైతే ఎక్కడికి చేరాలో చూపిస్తారు. తప్పించుకోకుండా వెళ్ళండి. పడవలో చూపించేవారు లేకపోతే మీరే అడగండి. ఉక్కగా ఉందని, చీర నలుగుతుందని, ఫోటో బాగా రాదని జాకెట్ విప్పకండి. పిల్లలకి పిల్లల సైజుదే కావాలి. పెద్దదైతే నీళ్ళలో పైకి జారిపోతుంది. అందరికీ జాకెట్లు లేని పడవ ఎక్కకండి. ఫోటో కోసం అందరూ ఒకే పక్కకి చేరకండి. బోటు బయలుదేరే ముందు మనిషికో జాకెట్ ఉందో లేదో లెక్కపెట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది. మొహమాటపడకుండా లెక్కపెట్టండి.

ఎవరైనా నీళ్ళలో పడితే ఈత రానివారు దూకకూడదు. తాడు, చీర, ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది విసరండి. బయటికి తీశాక కడుపు నొక్కడం, తలకిందులుగా వేలాడదీసి తిప్పడం మన వైపు ఇంకా చేస్తున్నారు. అది వద్దు. కడుపులో నీళ్ళు కక్కించడంలో పోయిన నిమిషాలే ప్రాణం తీస్తాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటితో నోట్లోకి గాలి ఊదండి. ముందు 5 సార్లు. కదలిక లేకపోతే రొమ్ము మధ్య రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి ఉంచి, రెండంగుళాలు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు నొక్కండి. మళ్ళీ 2 సార్లు ఊదండి. సహాయం అందేదాకా ఇలాగే చేయండి. ఈలోగా ఒకరు 108కి ఫోన్ చేయాలి. నీళ్ళు మింగి, తేరుకుని, దగ్గుతూ ఉన్నవారిని కూడా ఇంటికి కాదు, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కొన్ని గంటల తరవాత ఊపిరి అందకపోవచ్చు.

హెడ్మాస్టరుగారు కిందటి నెల మళ్ళీ వచ్చారు. వచ్చే ఏడు భార్యతో మరోసారి ఓడ ఎక్కుతారట. ఈసారి నేను అడగకముందే భుజాన ఉన్న చిన్న సంచీ విప్పి బల్ల మీద పరిచారు. ఇన్సులిన్, గ్లూకోజు, మాత్రల అట్టలు, నా చీటీ అన్నీ ఉన్నాయి. "ఇది భుజం దిగదు డాక్టరుగారూ" అన్నారు. అప్పుడు సంతోషంగా "వెళ్ళిరండి" అన్నాను.

మీరూ వెళ్ళిరండి. సముద్రం చూడవలసిందే. కాని మందుల సంచీ పెట్టెలో పెట్టి పంపకండి.