మలివయసునఁ జిత్రలేఖనము



చతుష్షష్టికళలను లెక్కించునపుడు వాత్స్యాయనుఁడు నాలుగవదానిఁగా ఆలేఖ్యమును, ఆఱవదానిఁగా బియ్యముతోను బువ్వులతోను దీర్చు రచనలను జెప్పెను. ఉష కలలోఁ గాంచిన ప్రియుఁడెవ్వఁడో తెలియుటకై పలువురి రూపములను బటముపై వ్రాసి చూపినది చిత్రరేఖ యను చెలికత్తె. ఇట్టి విద్య నేఁడు మన యిండ్లలో బడిపిల్లల రంగుపెట్టెలతోడనే ముగిసిపోవుచున్నది. పెండ్లియైన పిదపఁ గుంచె పట్టిన యిల్లాండ్రు మిక్కిలి యరుదు. ఏఁబది యేండ్లు దాఁటి, బిడ్డలు తలయొక యూరికిఁ బోయి, మధ్యాహ్నవేళ యిల్లు నిశ్శబ్దమైనపుడు ఏమియుఁ దోఁచక గోడలవంకఁ జూచు తల్లులను మనమందఱము నెఱుఁగుదుము. వారికొఱకు ఈ నెలఁ గంప్యూటరుపై బొమ్మలు వేయుటనుగూర్చి వ్రాయుచున్నాను. "ముసలివానికి దసరాపండుగయా?" యని నవ్వువారు నవ్వుకొందురుగాక.

అమెరికాదేశమున ఒహైయో రాష్ట్రములో హాల్ లాస్కో యను నాయన యుండెను. 1915లో జన్మించి, శుభాకాంక్షల కార్డులు ముద్రించు సంస్థలో అక్షరములకు రూపములు దిద్దు నుద్యోగము చేసి విరమించెను. వృద్ధాప్యమునఁ గంటి నడిమిచూపు మందగించు వ్యాధి సోఁకి, కాగితముపై వ్రాయుట కష్టమయ్యెను. కుటుంబమువారు కంప్యూటరు నొకదాని నిచ్చి, అందలి మైక్రోసాఫ్ట్ పెయింట్ అను చిన్న సాధనమును జూపిరి. తెరపై బొమ్మను గావలసినంత పెద్దదిగాఁ జేసికొని, ఒక్కొక్క చుక్కకు రంగు నింపుచు, ఆయన గంటలకొలఁది పనిచేసెడివాఁడు. 2013లో ఆయనపై ఒక చిన్న చలనచిత్రము వెలువడెను. 2014లో, 98వ యేట, ఆయన దివంగతుఁడయ్యెను. వ్యాధి నయము కాలేదు. అయినను, చేతి పని మాత్రము ఆగలేదు.

స్పెయినుదేశపు వలెన్సియా నగరమున 1930లో జన్మించిన కోంచా గార్సియా సాయెరా యను నామె కథ మనకు మఱింత దగ్గఱ. వ్యాధిగ్రస్తుఁడైన భర్తకుఁ బరిచర్య చేయుచు, ఇల్లు కదలలేని దినములలో, బిడ్డలిచ్చిన కంప్యూటరుపై నామె బొమ్మలు వేయ నారంభించెను. ఆమె వాడినదియు నా పెయింట్ సాధనమే. కుంచెకు మాఱు మౌసు. ఒక్కొక్క బొమ్మకు రెండేసి వారములు పట్టుచుండెను. మనుమరాండ్రు చొరవచేయఁగా 2018లో నామె చిత్రములు దేశదేశములవారి కంటఁబడెను. రోగి మంచముప్రక్కఁ గూర్చుండి యెఱిఁగినవారికే ఆ ఘడియల బరువు తెలియును. మందు వేళకును మందు వేళకును నడుమ నున్న కాలము తనదియుఁ గాదు, పనిదియుఁ గాదు. తైలవర్ణములనిన, విప్పి, కలిపి, కడిగి, ఆరఁబెట్టవలెను. పిలుపు వచ్చిన వెంటనే విడిచి లేవరాదు. ఇదియో, నడుమ విడిచిపోయినను చెడదు, ఎండదు, వాసన రాదు.

జపానులో తత్సువో హోరియుచి యను నాయన ఉద్యోగవిరమణ సమీపించిన కాలమున, చిత్రలేఖన సాధనములు కొనుటకు వెలయధికమని, లెక్కలు వ్రాసికొను ఎక్సెల్ లోనే కొండలను జెఱ్ఱీచెట్లను జిత్రించెను! ఇది మొండితనమనుట కంటె పొదుపరితనమనుట మేలు.

"ఇది కళయా, యంత్రపు పనియా?" యని పండితులు కొందఱు మా యింటనే వాదింతురు. 1937లో జన్మించిన ఆంగ్ల చిత్రకారుఁడు డేవిడ్ హాక్నీ ఐప్యాడ్‌పై రచించిన చిత్రము ననుసరించి వెస్ట్‌మినిస్టర్ ఆబీకి రంగుగాజుల కిటికీ చేసి 2018లో నమర్చిరి. దానిపిమ్మట నాకు వాదముతోఁ బనిలేదు.

ఇఁక దీని మర్మము. తెరపైని బొమ్మ యంతయు పిక్సెలు లను నతిసూక్ష్మములైన గళ్ళ కూర్పు. గళ్ళగుడ్డపై క్రాసుకుట్టు కుట్టిన సోదరికి దీనిని వేఱుగఁ జెప్పనక్కఱలేదు. రెండవది పొర. గాజుపలకల నొకదానిపై నొకటి పేర్చినట్లు, ఒక పొరపై గీతలు, వేఱొకదానిపై రంగులు వేయవచ్చును. ఒకటి చెడిన రెండవది చెడదు. మూఁడవది, వేసినదానిని వెనుకకుఁ దీయు మీట. కాగితము వ్యర్థమగునను భయమున బాల్యముననే పెన్సిలు విడిచినవారికి ఇదియే పెద్ద యభయము.

మా అత్తగారికి అఱువది దాఁటినవి. మోకాళ్ళ నొప్పులవలన వంగి ముగ్గు వేయలేక, పండుగనాఁడు కుర్చీలోఁ గూర్చుండి మా ముగ్గులకు వంకలు పెట్టుచుండిరి. మా అబ్బాయి తన టాబ్లెట్టు నామె యొడిలోఁ బెట్టెను. వానికి నే నొకటే షరతు విధించితిని: నోటితోఁ జెప్పవచ్చును గాని పలకను ముట్టరాదు. పిల్లలు నేర్పుదుమనుచుఁ జేతిలోనిది లాగికొని తామే చేసిపెట్టుదురు; పెద్దవారు చూచుచు నుండిపోవుదురు. ఈ యొక్క కట్టడి లేకున్న ఏ యింటను ఈ విద్య రెండు దినములు సాగదు.

"పదునైదు చుక్కలు, ఎనిమిది వఱకు మధ్యచుక్క" యనుచు నామె మొదటి పొరపైఁ జుక్కలు పెట్టిరి. రెండవదానిపై గీఁతలు కలిపిరి. పిదపఁ జుక్కల పొరను మఱుఁగుపఱచిరి. వ్రేలి వణుకును సరిచేయు సదుపాయ మొకటి యున్నదని పిల్లవాఁడు చూపఁగా, రెండు దినములు వాడి, "ఇది నేను వేసినట్టు లేదురా" యని మానివేసిరి. ఆమె తల్లిగారు నేర్పిన మెలికల ముగ్గులు కొన్ని కలవు. ఎట్లు వేయుదురని యెన్నిమార్లడిగినను నోటితోఁ జెప్పలేకపోయిరి. వ్రేలు కదలిననే గుర్తు వచ్చుచుండెను. నేల మీఁదఁ జూచి నేర్చుకొనుటకు నాకు మనసురాని దినములలో ఆమె మోకాళ్ళు బాగుండెను. ఇపుడు ఇరువది ముగ్గులు పలకలో భద్రముగా నున్నవి. ఒక హంసముగ్గు నడిమి మెలిక మాత్ర మింకను గుర్తు రాలేదు.

వస్తువుల విషయము కొంచెము చెప్పెదను. క్రొత్తది కొననక్కఱలేదు, ఇంటఁ బడియున్న పాత కంప్యూటరులో పెయింట్ ఉన్నఁ జాలును. క్రిటా యనునది ఉచితము. ఐబిస్ పెయింట్ ఫోనుపై నడచును, వెల లేదు గాని ప్రకటనలు విసిగించును. 20 నిమిషముల కొకమాఱు 20 అడుగుల దవ్వున నున్నదానిని 20 సెకండులు చూచిన కంటికి విశ్రాంతి. బొమ్మ వేయు వేళ సందేశముల మ్రోఁత కట్టివేయుఁడు. లేకున్న మధ్యాహ్నమంతయు పెండ్లిఫొటోలు చూచుటతోఁ దెల్లవాఱును.

మొదటి వారము దేవతామూర్తుల జోలికిఁ బోకుఁడు. కూరగాయలబుట్టలోని వంకాయను ముందు పెట్టుకొనుఁడు. ముచ్చికకు నొక పొర, కాయకు నొక పొర, వెలుఁగు పడు తావునకు నొక పొర. ముగియఁగనే దాఁచు మీట నొక్కి, వేఱొకచోట నింకొక ప్రతి పెట్టుకొని, వంకాయను గూరకుఁ దరుగుఁడు.