ముందు యూనికోడ్, ఆ తర్వాతే కొత్త సాఫ్ట్‌వేర్

శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు, సంఘాల సావనీర్లు తయారుచేసే తెలుగు డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకరే నడుస్తోంది. 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చిన ఈ ప్రోగ్రాం 1994లో అడోబీ చేతికి వచ్చింది. చివరిదైన 7.0 వెర్షన్ 2001లో విడుదలైంది. 2004 తర్వాత దాన్ని అభివృద్ధి చేయడమే మానేశారు. దీనికోసం కొన్ని సెంటర్లు విండోస్ 7 సిస్టంనే అట్టిపెట్టుకున్నాయి. ఆ విండోస్‌కు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరితోనే ఆగిపోయాయి. ఇక మారక తప్పదని సెంటర్ల యజమానులకూ తెలుసు. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, ఎంత పెట్టాలి అన్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. అంతకంటే ముందు తేల్చుకోవలసింది, తెలుగు అక్షరాలు ఏ రూపంలో దాచాలన్న సంగతి.

పాత పద్ధతిని ఇంతకాలం పట్టుకుని ఉన్నది బద్ధకం వల్ల కాదు. ఆపిల్ కీబోర్డు అనే తెలుగు టైపింగ్ అమరిక మీద చెయ్యి తిరిగిన ఆపరేటర్ గంటకు ఎన్ని పేజీలు కొడతాడన్న దాని మీదే సెంటర్ బతుకు ఆధారపడి ఉంటుంది. అనుపమ, ప్రియాంక లాంటి అను ఫాంట్ల అందానికి కస్టమర్ల కన్ను అలవాటు పడింది. పేజ్‌మేకర్ పాత సిస్టంలోనూ చురుగ్గా పనిచేస్తుంది. ఈ కారణాలను చిన్నచూపు చూసే ఏ సలహా అయినా సెంటర్ గుమ్మం దాటి లోపలికి రాదు.

అయితే ఆ ఫాంట్లలో ఉన్నది కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తులు వంటి ముక్కలను పెట్టి, వాటిని పక్కపక్కన పేర్చి తెలుగులా చూపిస్తారు. ఆ ఫాంటు లేని సిస్టంలో ఫైలు తెరిస్తే తెర మీద ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. యూనికోడ్‌లో అలా కాదు. ‘లక్ష్మి’ అంటే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అనే ఏడు సంకేతాల వరుస. ఫాంటు ఏదైనా, సిస్టం ఏదైనా ఆ వరుస మారదు. వాటిని కలిపి వత్తులతో సహా సరైన అక్షరాలుగా చూపించే బాధ్యత సాఫ్ట్‌వేర్‌ది.

ఈ తేడా వల్ల వచ్చే నష్టం మొదటి ముద్రణలో కనిపించదు. పదేళ్ల తర్వాత రెండో ముద్రణకు వచ్చినప్పుడు బయటపడుతుంది. రచయిత దగ్గర సీడీ ఉంటుంది, తెరిచే సిస్టం ఉండదు. పీడీఎఫ్ ఉంటే అందులో ఒక పేరు వెతికినా దొరకదు, ఒక పేరా కాపీ చేసి పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి. ఈ-బుక్ చేద్దామన్నా, చూపులేనివారి కోసం చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఇద్దామన్నా ఆ ఫైలు పనికిరాదు. పుస్తకమంతా మళ్లీ టైపు చేయించి, మళ్లీ ప్రూఫులు దిద్దాలి. ఒకసారి డబ్బు పెట్టి చేయించిన పనికి రెండోసారి డబ్బు పెట్టడమిది.

అందుకే ఏ సాఫ్ట్‌వేర్‌కైనా డబ్బు కట్టే ముందు దానికి తెలుగు పరీక్ష పెట్టాలి. చాలా కంపెనీలు కొన్నాళ్లు ఉచితంగా వాడి చూసే అవకాశం ఇస్తున్నాయి. ‘లక్ష్మి’, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘జ్యోత్స్న’ అనే నాలుగు మాటలను యూనికోడ్‌లో టైపు చేసి చూడాలి. వత్తులు విడిపోయి పొల్లు అక్షరాలుగా కనబడితే, మిగతా హంగులు ఎన్ని ఉన్నా దాన్ని పక్కన పెట్టాల్సిందే. మాటలు సరిగ్గా వస్తే పీడీఎఫ్ చేసి, అందులో ‘రాష్ట్రం’ అని వెతకాలి. దొరికితే సగం పరీక్ష నెగ్గినట్టే. ఆ తర్వాత ఒక పూర్తి పేజీ కూర్చి, పంక్తి చివర మాట ఎక్కడ విరుగుతోందో కూడా చూడాలి.

ఇక్కడే చాలామంది తొందరపడి తప్పు నిర్ణయానికి వస్తున్నారు. అడోబీ పేజీల కూర్పు ప్రోగ్రాం ఇన్‌డిజైన్‌లో 2012 నాటి సీఎస్6 వెర్షన్ నుంచే తెలుగు సహా పలు భారతీయ లిపులకు తోడ్పాటు ఉంది. కాకపోతే పేరాగ్రాఫ్ మెనూలో ‘వరల్డ్-రెడీ కంపోజర్’ ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే వత్తులు చెదిరిపోవచ్చు. ఫొటోషాప్‌లోనూ టైప్ సెట్టింగుల్లో ఇలాంటి ఎంపికే ఉంటుంది. ఈ ఒక్క సెట్టింగు తెలియక ‘ఇందులో తెలుగు రాదు’ అని తేల్చేసి పేజ్‌మేకర్‌కు తిరిగి వెళ్లడం విచారకరం. ఇది చూపించడానికి అరగంట శిక్షణ చాలు.

ధర సంగతికి వస్తే, సీఎస్6 తర్వాత అడోబీ తన డిజైన్ సాఫ్ట్‌వేర్లను ఒక్కసారి కొనుక్కునే పద్ధతిలో తేవడం మానేసి, చందా పద్ధతికి మారుతున్నట్టు 2013లో ప్రకటించింది. కోరల్‌డ్రా చందాకూ దొరుకుతుంది, ఒకేసారి కొనుక్కోవడానికీ దొరుకుతుంది. చందా ఆపేస్తే ప్రోగ్రాం ఆగిపోతుంది. ఫైళ్లు సెంటర్‌వే అయినా, వాటిని తెరవాలంటే మళ్లీ డబ్బు కట్టాలి. అందువల్ల నెల ధర చూసి కాకుండా అయిదేళ్లకు ఎంతవుతుందో లెక్కవేసి పోల్చాలి. నెలనెలా కట్టే పథకాల్లో కొన్ని నిజానికి ఏడాది ఒప్పందాలే. మధ్యలో మానేస్తే రుసుం వసూలు చేస్తారు. ఈ రుసుం సంగతి సరిగా చెప్పలేదంటూ 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం అడోబీ మీద దావా వేసింది. ధర మీద 18 శాతం జీఎస్టీ అదనం. మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి ఆ వీలు లేదు. రోజంతా ఫొటోల పని ఉన్న స్టూడియోకు చందా గిట్టవచ్చు. నెలకు నాలుగు పుస్తకాలు కూర్చే సెంటర్‌కు అది బరువే.

ఆ బరువు మోయలేకే క్రాక్ కాపీలు తిరుగుతున్నాయి. దొంగ కాపీ అని తెలిసి వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. కేసు రాకపోయినా వైరస్ వస్తుంది. పెళ్లిళ్ల సీజనులో సిస్టం పడకేస్తే పోయే ఆదాయం, లైసెన్సు ఖర్చుకు తక్కువేమీ కాదు.

చిన్న సెంటర్లకు న్యాయమైన దారి ఉచిత సాఫ్ట్‌వేర్. పేజీల కూర్పుకు స్క్రైబస్, లోగోలకూ బొమ్మలకూ ఇంక్‌స్కేప్, ఫొటోలకు గింప్, చిత్రాలు గీయడానికి క్రిటా ఉన్నాయి. 2024లో వచ్చిన స్క్రైబస్ 1.6 భారతీయ లిపులను కూర్చగలదు, ప్రెస్సుకు కావలసిన నాలుగు రంగుల పీడీఎఫ్ ఇవ్వగలదు. కేరళలో జనయుగం దినపత్రిక 2019లో పేజ్‌మేకర్‌నూ పాత ఫాంట్లనూ వదిలి, లినక్స్ మీద స్క్రైబస్, గింప్, ఇంక్‌స్కేప్‌లకు మారింది. రోజూ గడువుకు పేజీలు దింపాల్సిన పత్రికకు సాధ్యమైనది శుభలేఖల సెంటర్‌కు సాధ్యం కాకపోదు. లోటుపాట్లు లేవని కాదు. ఇంక్‌స్కేప్‌లో నాలుగు రంగుల విభజన నేరుగా కుదరదు కనుక చివరి పీడీఎఫ్‌ను స్క్రైబస్ నుంచే తీసుకోవాలి. బయటినుంచి వచ్చే కోరల్ ఫైళ్లు అన్నిసార్లూ ఉన్నవి ఉన్నట్టు తెరుచుకోవు. అక్షరాల విషయంలో మాత్రం కొరత తగ్గింది. మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ, పెద్దన, మల్లన్న వంటి యూనికోడ్ ఫాంట్లు వాణిజ్య పనులకు కూడా ఉచితమే. ఆపిల్ కీబోర్డు అమరికతో యూనికోడ్ టైపు చేసే వీలు లినక్స్‌లో ఉంది, కాబట్టి ఆపరేటర్ వేళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువే.

పాత ఫైళ్లన్నిటినీ ఒకేసారి మార్చాలనుకోవడం అనవసరం. పునర్ముద్రణకు వచ్చిన పుస్తకాన్ని వచ్చినప్పుడు మార్చితే సరిపోతుంది. పాత ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు వత్తుల దగ్గరా అంకెల దగ్గరా పొరపడతాయి కనుక ప్రూఫు చూడటం తప్పదు. పాత సిస్టం ఒకదాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా పాత ఫైళ్లు తెరిచే పనికే ఉంచాలి.

ఈ మార్పును సెంటర్ల భుజాల మీదే వదిలేయడం అన్యాయం. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయాలు, అకాడమీలు ముద్రణ టెండర్లలో యూనికోడ్ మూల ఫైలు ఇవ్వాలన్న షరతు పెట్టాలి. స్క్రైబస్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమివ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది కాబట్టి దారి కొత్తది కాదు. ఐటీఐల డీటీపీ కోర్సులో స్క్రైబస్‌నూ యూనికోడ్ టైపింగ్‌నూ నేర్పాలి. ప్రింటర్ల సంఘాలు జిల్లాకొక శిక్షణ ఏర్పాటు చేసి, చందాలు అవసరమైన సభ్యుల తరఫున కలిసి బేరమాడాలి. రచయితలూ సంస్థలూ డబ్బు చెల్లించేటప్పుడు ప్రెస్సుకు వెళ్లే పీడీఎఫ్‌తో పాటు లేఅవుట్ ఫైలు, వాడిన ఫాంట్లు, యూనికోడ్‌లో ఉన్న పాఠం అడిగి తీసుకుని, రెండు చోట్ల దాచుకోవాలి.